స్పెయిన్ వెళ్తున్నారా? ముందు భోజనం వేళ మార్చుకోండి

స్పెయిన్‌లో సాయంత్రం ఆరున్నరకి ఆకలేసిందంటే కష్టమే. హోటల్ తలుపులు తెరిచే ఉంటాయి, లోపల మనుషులూ ఉంటారు, వంటగది మాత్రం మూసి ఉంటుంది. మధ్యాహ్నం నాలుగింటికి ఆపేసిన పొయ్యి మళ్లీ రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో వెలుగుతుంది. ఈలోపు వెళ్లి కూర్చుంటే ఒక కాఫీయో, గాజు అరలో పొద్దుటి నుంచీ ఉన్న ఆమ్లెట్ ముక్కో ఇస్తారు. ఆరున్నరకే పూర్తి భోజనం పెడతాం రండి అని గుమ్మంలో నిలబడి పిలిచే చోటు కనబడితే, అది టూరిస్టుల కోసం తెరిచిన చోటే. వంటకాల ఫొటోలు అతికించిన బోర్డు కూడా ఉంటే ఇక సందేహమే అక్కర్లేదు.

మా ఆడపడుచు వాళ్లు వచ్చే వేసవికి స్పెయిన్ అనుకుంటున్నారు. "ఏమేం చూడాలి వదినా" అని అడిగింది. అవి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఎప్పుడు తినాలి, ఎప్పుడు పడుకోవాలి, ఏ టికెట్టు ఇంటి దగ్గరే కొనుక్కుని బయల్దేరాలి అన్నవే ఎవరూ సరిగ్గా చెప్పరు. అక్కడికి వెళ్లాక సగం టెన్షన్ వాటితోనే. మేం వెళ్లింది జూన్‌లో, నేనూ మా ఆయనా మా అత్తయ్యా. అత్తయ్యకి డెబ్బై దాటాయి. మాంసం, చేపలే కాదు, గుడ్డు కూడా ముట్టరు. కాబట్టి ఇవన్నీ పెద్దావిడనీ ఆవిడ మోకాళ్లనీ ఆవిడ నియమాలనీ వెంటబెట్టుకుని తిరిగిన మనిషి మాటలు.

ముందు గడియారం సంగతి. మ్యాప్‌లో చూస్తే మాడ్రిడ్ లండన్ కన్నా పడమరకే ఉంటుంది. అయినా 1940 నుంచీ స్పెయిన్ గడియారం జర్మనీ టైముతో నడుస్తోంది. దానికి తోడు వేసవిలో ఇంకో గంట ముందుకు జరుపుతారు. అంచేత జూన్‌లో మాడ్రిడ్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి రెండుంపావు అవుతుంది. పొద్దుగుంకేది పావు తక్కువ పదికి. ఎండ ముదిరేది కూడా మనకి అలవాటైన పన్నెండు, రెండు మధ్య కాదు, నాలుగు నుంచి ఆరున్నర దాకా. వాళ్లు రెండున్నరకి తిని రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ భోజనానికి కూర్చుంటున్నారంటే, సూర్యుడి లెక్కలో అవి ఇంచుమించు మన వేళలే.

మా ఆయనకి ఇది ఒక పట్టాన ఎక్కలేదు. "డబ్బులు పోసి వచ్చింది మధ్యాహ్నం పడుకోడానికా?" అని ఒకటే గొణుగుడు. దక్షిణాన ఉన్న సెవిల్ ఊళ్లో మందుల షాపు బోర్డు చూసేదాకా ఆ గొణుగుడు సాగింది. స్పెయిన్‌లో ప్రతి మందుల షాపు బయటా ఆకుపచ్చ ప్లస్ గుర్తు వెలుగుతూ ఉంటుంది. చాలావాటి మీద టైమూ, ఎండ డిగ్రీలూ మారిమారి వస్తుంటాయి. 17:10 అని వచ్చింది, వెంటనే 41. వీధిలో మేమూ, నీడ వెతుక్కుని ఆగిన ఒక గుర్రబ్బండీ, అంతే. ఎదురుగా ఇళ్ల కిటికీలన్నిటికీ షట్టర్లు దించేసి ఉన్నాయి. "రూముకి పోదాం పదండి" అని ఆయనే అన్నారు. తర్వాత మధ్యాహ్నం నిద్ర గురించి నోరెత్తితే ఒట్టు.

ఆ తర్వాత మా రోజు ఇలా నడిచింది. పొద్దున ఎనిమిదిన్నరకి దగ్గర్లో ఉన్న బార్‌లో కాఫీ, టోస్టు. (అక్కడ బార్ అంటే మందు దుకాణం అనుకోకండి. పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపిన తల్లులూ, పేపరు చదువుకునే తాతలూ ఉండేది అక్కడే.) తొమ్మిదింటి నుంచి ఒంటిగంటన్నర దాకా చూడాల్సినవి. రెండింటికి పెద్ద భోజనం. రూములో ఏసీ వేసుకుని ఆరు దాకా పడక. మళ్లీ బయటపడితే పదకొండింటి దాకా వీధులే. ఆ వేళకి చంటిపిల్లల తోపుడు బండ్లతో సహా ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. అత్తయ్య వయసు ఆడవాళ్లు శుభ్రంగా తయారై, విసనకర్రలు పట్టుకుని బెంచీల మీద వరసగా కూర్చుని కబుర్లాడుతుంటారు. ఈవిడ కూడా పోయి వాళ్ల పక్కనే కూర్చునేవారు. వాళ్ల భాష ఈవిడకి రాదు, ఈవిడ భాష వాళ్లకి రాదు, అయినా మేం ఐస్‌క్రీం తెచ్చేలోపు మోకాళ్ల నొప్పుల గురించి చర్చ అయిపోయేది.

పెద్ద భోజనం మధ్యాహ్నమే చేయమనడానికి ఇంకో కారణం డబ్బు. సోమవారం నుంచి శుక్రవారం దాకా చాలా హోటళ్లలో మధ్యాహ్నం "మెనూ దెల్ దియా" అని పెడతారు. గుమ్మం పక్కన నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి ఉంటుంది. మొదటి వంటకం ఒకటి, రెండోది ఒకటి, రొట్టె, తాగడానికి ఏదైనా, చివర్లో తీపో కాఫీయో. మామూలు చోట్ల 12 నుంచి 16 యూరోల్లో అయిపోతుంది. అదే హోటల్లో రాత్రి మెనూ కార్డు చూసి విడివిడిగా చెప్పుకుంటే బిల్లు సులువుగా రెట్టింపవుతుంది. టూరిస్టులు తిరిగే వీధి నుంచి రెండు సందులు లోపలికి వెళ్లి, ఆఫీసువాళ్లు తింటున్న చోట కూర్చోండి. కొన్నిచోట్ల లోపలి బల్లకి ఒక రేటు, బయట గొడుగు కింద కూర్చుంటే ఇంకో రేటు ఉంటుంది, అది కార్డు మీదే రాసి ఉంటుంది.

ఇక శాకాహారం. దీని గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే నాకు అక్కడ ఎక్కువ తల తిన్నది ఇదే. మాంసం వద్దని చెబితే సరిపోదు. హామ్ (పంది మాంసం) వద్దు, ట్యూనా చేప వద్దు, గుడ్డు వద్దు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పాలి. కూరగాయల సలాడ్ అని తెప్పిస్తే పైన డబ్బా ట్యూనా వేసి తెస్తారు. బీన్స్ వేపుడులో హామ్ ముక్కలుంటాయి. సాల్మొరేహో అనే చల్లటి టమాటా సూప్ మీద ఉడికించిన గుడ్డూ హామూ చల్లి ఇస్తారు. ఒకచోట మసూర్ పప్పులాంటి పప్పు తెప్పిస్తే అందులో చోరిజో సాసేజ్ ముక్కలు తేలుతున్నాయి. తినం అని చెబితే వెయిటర్ నొచ్చుకుని గిన్నె లోపలికి పట్టుకెళ్లి, ఆ ముక్కలు మాత్రం ఏరేసి మళ్లీ అదే గిన్నె తెచ్చి పెట్టాడు. పాపం మంచి మనసుతోనే. అత్తయ్య రొట్టె తిని లేచారు.

ఆ రోజు రాత్రే ఒక చీటీ తయారు చేశాను. వద్దన్నవన్నీ స్పానిష్‌లో పెద్ద అక్షరాలతో రాసి, ఫోన్‌లో ఫొటోగా పెట్టుకుని, కూర్చోగానే వెయిటర్‌కి చూపించేదాన్ని. చాలామంది ఆ ఫోన్ పట్టుకుని వంటగదిలోకి వెళ్లి అడిగి వచ్చేవాళ్లు. మీరు మీ నియమాలకి తగ్గట్టు రాసుకోండి, బేకరీల కోసం అందులో పంది కొవ్వు కూడా చేర్చండి. అక్కడి కొన్ని సంప్రదాయ బిస్కెట్లలో, తీపి రొట్టెల్లో నెయ్యి బదులు అదే ఉంటుంది.

దొరికేవి కూడా తక్కువేం కాదు. కాల్చిన రొట్టె మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనె, ఉప్పు వేసి ఇచ్చేది ప్రతి పొద్దునా అత్తయ్య టిఫిన్. సెవిల్‌లో పాలకూర, శనగలు కలిపి జీలకర్ర దట్టించి చేసే కూర ఒకటుంది. మొదటి ముద్దకే అత్తయ్య తలెత్తి నావైపు చూసి, "ఇది మన ఇంటి పోపులా ఉందే" అన్నారు. కొర్దోబాలో వంకాయ ముక్కలు వేయించి పైన చెరకు పాకం పోసి ఇస్తారు, వింతగా ఉంటుంది కానీ బాగుంటుంది. పద్రోన్ మిరపకాయలని చిన్న పచ్చిమిరపకాయలు నూనెలో వేయించి రాళ్ల ఉప్పు చల్లి పెడతారు. పదింట్లో ఒకటి కారంగా తగులుతుందని వాళ్లు భయపెడతారు, మనకి ఆ ఒకటే తెలిసేది! పొడుగ్గా నూనెలో వేయించి ఇచ్చే చుర్రోలు ఎక్కువగా పిండీ నీళ్లూ ఉప్పూ నూనే, అయినా గుడ్డు ముట్టనివాళ్లు ఒకసారి అడిగి తినండి.

రాత్రిళ్లు ఎక్కువగా సూపర్‌మార్కెట్ మా పాలిట వంటిల్లయింది. చిన్న చిన్న కప్పుల్లో ఉడికించిన అన్నం అమ్ముతారు, మైక్రోవేవ్‌లో నిమిషం పెడితే చాలు. పక్కనే చక్కెర లేని పెరుగు కప్పులు. మేం పట్టుకెళ్లిన కందిపొడీ, ఆవకాయా కలిస్తే ఇంకేం కావాలి. అందుకే గది తీసుకునేటప్పుడు మైక్రోవేవ్ ఉందో లేదో చూసుకోండి. నెయ్యి, పాలకోవా లాంటివి మాత్రం పెట్టెలో పెట్టకండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురాకూడదు. ఇంకో సంగతి, చాలా ఊళ్లలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. మాడ్రిడ్ మధ్యలో పర్వాలేదు, తక్కినచోట్ల శనివారమే కొని పెట్టుకోవాలి.

టికెట్ల విషయానికొస్తే, స్పెయిన్ మొత్తంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ పరిగెత్తించింది దక్షిణాన గ్రనాడా ఊళ్లో కొండ మీదున్న అల్హంబ్రా కోట. వేసవికి దాని టికెట్లు వారాల ముందే అయిపోతాయి. టికెట్టు పేరు మీద ఇస్తారు, పాస్‌పోర్టు నంబరు అడుగుతారు, లోపల ఒక్కో గేటు దగ్గర అసలు పాస్‌పోర్టు తీసి చూపించాలి. మా ముందు ఒక జంట ఫోన్‌లో ఫొటో చూపించి బతిమాలుతుంటే, వాళ్లని పక్కకి నిలబడమని మమ్మల్ని లోపలికి పంపించారు. ఇంకా ముఖ్యమైంది, టికెట్టు మీద ఉన్న టైము కోటలోకి వెళ్లడానికి కాదు, లోపల ఉన్న నస్రీద్ ప్యాలెస్‌ల (పాత ముస్లిం రాజుల భవనాల) గుమ్మం దగ్గర ఉండాల్సిన టైము. అది దాటితే వాటిలోకి రానివ్వరు, తక్కినవి చూసుకుని రావాలి. పన్నెండు పాలరాతి సింహాలు మోసే ఫౌంటెనూ, గోడల నిండా అరబ్బీలో చెక్కిన పద్యాలూ ఉన్నది ఆ ప్యాలెస్‌ల్లోనే, కాబట్టి అవి పోతే వచ్చిన పనే పోయినట్టు. హెనెరలీఫే తోటల వైపు గేటులో దిగితే అక్కడి నుంచి ప్యాలెస్‌లకి మామూలు నడకే పావుగంట పైన పడుతుంది, అత్తయ్య నడకకి అరగంట పట్టింది. ఊళ్లోంచి కొండ మీదకి సి30 నంబరు చిన్న బస్సు తిరుగుతుంది, పెద్దవాళ్లుంటే నడిచి ఎక్కే సాహసం వద్దు.

వీసా రాకముందే ఆ టికెట్టు కొనాలా అని చాలామంది అడుగుతారు. మార్చుకోవడం, వాపసు చేయడం కుదరదన్న లెక్కలోనే కొనాలి. నా పద్ధతి అడిగితే, వీసాకి బాగా ముందుగా పెట్టుకోవడమే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ షెంగెన్ వీసాకి (స్పెయిన్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే ఒకే వీసా) దరఖాస్తు చేయొచ్చు. పిల్లలు కాక మిగతావాళ్లకి ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. రెండు మూడు దేశాలు తిరిగేట్టయితే ఎక్కువ రోజులుండే దేశానికే దరఖాస్తు పెట్టాలి. దారిలో ఏ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో పారిస్‌లోనో విమానం మారితే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. 2025 అక్టోబరు నుంచి యూరప్ సరిహద్దుల్లో పాస్‌పోర్టు స్టాంపు బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకునే పద్ధతి మొదలైంది. కాబట్టి రెండు విమానాల మధ్య గంటన్నర ఉంది కదా చాలులే అనుకోకండి.

అల్హంబ్రా దొరక్కపోతే గ్రనాడా సిటీ కార్డు చూడండి, అందులో ప్రవేశం కలిపి ఉంటుంది. గైడుతో వెళ్లే టూర్లకి కూడా విడిగా కొన్ని టికెట్లుంటాయి. బార్సిలోనాలో సగ్రాదా ఫమీలియా చర్చి కూడా ఇంతే, ఆన్‌లైన్‌లో టైము తీసుకుని వెళ్లాల్సిందే. 1882లో మొదలైన కట్టడం, ఇప్పటికీ క్రేన్లు కనిపిస్తాయి. సాయంత్రపు ఎండ పడమటి వైపు అద్దాల్లోంచి పడి లోపలంతా ఎర్రగా, నారింజ రంగుగా అయిపోతుంది, అందుకని నేనైతే పొద్దున కన్నా సాయంత్రం స్లాటే తీసుకోమంటాను.

డబ్బు మిగిల్చుకోవాలంటే ఉచిత వేళలు గుర్తుపెట్టుకోండి. మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియం సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు, ఆదివారం ఐదు నుంచి ఏడు వరకు ఉచితం. లైను పొడుగ్గా ఉంటుంది కానీ చకచకా కదులుతుంది. లోపల ఫొటోలు తీయనివ్వరు. పికాసో వేసిన గెర్నికా బొమ్మ ఉన్నది అక్కడ కాదు, నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న రేనా సోఫియా మ్యూజియంలో, దానికి మంగళవారం సెలవు. కొర్దోబాలో మెస్కీతా అనే పాత మసీదు పండగలప్పుడు తప్ప సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ఉచితం. డబ్బు మాట అటుంచి, ఆ వేళకి జనం ఉండరు. ఎరుపూ తెలుపూ చారల ఆర్చీల కింద స్తంభాల మధ్య మన అడుగుల చప్పుడు మనకే వినబడుతుంది. మసీదు నడిమధ్యలో 16వ శతాబ్దంలో కట్టిన చర్చి ఒక్కసారిగా ఎదురవుతుంది. మా ఆయన అక్కడ చాలాసేపు తల పైకెత్తి నిలబడి, "ఎవరికి తోచింది వాళ్లు కట్టుకుంటూ పోయారు" అన్నారు. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

ఊరి నుంచి ఊరికి రైలే హాయి. మాడ్రిడ్ నుంచి సెవిల్‌కి రెండున్నర గంటలు, బార్సిలోనాకీ ఇంచుమించు అంతే. ఇప్పుడు ప్రభుత్వ రైల్వే కంపెనీ రెన్ఫేతో పాటు వీగో, ఇర్యో అని వేరే కంపెనీల రైళ్లు కూడా నడుస్తున్నాయి కాబట్టి మూడింటి రేట్లూ చూసి ముందుగా కొంటే బాగా చవక. మాడ్రిడ్‌లో అతోచా, చమార్తిన్ అని రెండు పెద్ద స్టేషన్లున్నాయి, మీ టికెట్టు మీద ఏది ఉందో చూసుకోండి. స్పీడ్ రైళ్లకి సామాను స్కానింగ్ ఉంటుంది, బయల్దేరే టైముకి ముందే గేటు మూసేస్తారు. ప్లాట్‌ఫారం నంబరు చివర్లో గానీ వేయరు. అది పడగానే జనమంతా ఒక్కసారి లేస్తారు, కంగారు పడక్కర్లేదు, సీటు నంబర్లుంటాయి. నడవలేని పెద్దవాళ్లకి రైల్వేవాళ్లే వీల్‌చెయిర్‌తో ఉచితంగా సాయం చేస్తారు, ముందు చెప్పి పెట్టుకోవాలి.

మెట్రో కార్డుల్లో చిన్న మెలిక. మాడ్రిడ్‌లో మల్టీ కార్డు ఒకటి కొని పది ప్రయాణాలు వేయించుకుంటే ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు అదే ఆనించి వెళ్లొచ్చు. బార్సిలోనాలో టీ-కాజువల్ అనే పది ప్రయాణాల కార్డు ఒక్కరిదే, ముగ్గురుంటే మూడు కొనాలి. అందరికీ కలిపి కావాలంటే టీ-ఫమిలియార్ తీసుకోండి, దాంట్లో ఎనిమిది ప్రయాణాలు. మాడ్రిడ్ విమానాశ్రయం నుంచి మెట్రోకి మామూలు టికెట్టు మీద 3 యూరోలు అదనం. 5 యూరోలకి పసుపు రంగు ఎక్స్‌ప్రెస్ బస్సు రాత్రీ పగలూ తిరుగుతుంది. పెట్టెలు ఎక్కువుంటే టాక్సీ. ఊరి మధ్యలోకి మీటరుతో సంబంధం లేని ఒకే రేటు, కారు అద్దం మీదే అతికించి ఉంటుంది.

దొంగల భయం గురించి అందరూ చెప్పేదే నేనూ చెప్తాను. కత్తులు చూపించే రకం అరుదు, జేబులు కొట్టేవాళ్లు మాత్రం సిద్ధహస్తులు. బార్సిలోనా రాంబ్లా వీధి, మెట్రో తలుపుల దగ్గర తోపులాట, హోటల్ బల్ల మీద పెట్టిన ఫోన్, ఈ మూడు చోట్లా జాగ్రత్త. మీ భుజం మీద ఏదో మరక పడిందని తుడవడానికి వచ్చేవాళ్లని దగ్గరికి రానివ్వకండి. గ్రనాడాలో చర్చి పక్కన కొందరు ఆడవాళ్లు రోజ్‌మేరీ రెమ్మ చేతికివ్వబోతారు. అత్తయ్య ప్రసాదం అనుకుని రెండు చేతులూ చాపారు. తీసుకున్నాక చెయ్యి పట్టుకుని జాతకం చెప్పి డబ్బులు అడుగుతారు. వద్దని చెప్పి నడుస్తూ పోతే చాలు, వెంటపడరు. ఏదైనా పోతే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాయించి కాపీ తీసుకోండి, బీమా డబ్బుకీ కొత్త పాస్‌పోర్టుకీ అదే ఆధారం. అత్యవసర నంబరు 112.

మిగతావి చిన్నవి. కార్డు మెషీన్ రూపాయలా యూరోలా అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలంటే మారకం రేటులో కోత పడుతుంది. టిప్పు తప్పనిసరి కాదు, చిల్లర వదిలేస్తే చాలు. హోటల్లో మామూలు కుళాయి నీళ్లు అడిగితే డబ్బు తీసుకోకుండా ఇవ్వాలని 2022 నుంచి చట్టమే ఉంది, మాడ్రిడ్ నీళ్లయితే రుచి కూడా బాగుంటాయి. పారాసిటమాల్ లాంటివి కూడా సూపర్‌మార్కెట్లో దొరకవు, ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న చోటే. రాత్రి ఏ షాపు తెరిచి ఉంటుందో మూసిన షాపు తలుపు మీద కాగితం అతికిస్తారు.

ఏ నెల అని అడిగితే ఏప్రిల్ చివర్లోనో, మేలోనో, అక్టోబరులోనో అంటాను. ఈస్టర్ ముందు వారం సెవిల్‌లో గదుల రేట్లు ఆకాశంలో ఉంటాయి. పిల్లల సెలవుల వల్ల జూలై, ఆగస్టు తప్పకపోతే దక్షిణాన్ని వదిలేసి ఉత్తరానికి వెళ్లండి. సాన్ సెబాస్టియన్, గలీసియా వైపు సముద్రం గాలి ఉంటుంది, అప్పుడప్పుడూ వానలూ పడతాయి. ఆగస్టులో మాడ్రిడ్‌లో కుటుంబాలు నడుపుకునే హోటళ్లు చాలావరకు మూసేసి వాళ్లే బీచ్‌కి వెళ్లిపోతారు. గుమ్మానికి సెలవు కాగితం వేలాడుతుంటే ఇంకో వీధి చూసుకోవడమే.